సంక్రాంతి కబడ్డీ వేలం: ఉన్న పాయింట్లు రైడర్‌కు పెట్టాలా, కార్నర్‌కా? చెయిన్ డిఫెన్స్ మాకు కుదురుతుందా?

కావలి_కుర్రోడు:

అన్నలూ, పోస్టు కాస్త పెద్దది, తిట్టుకోకుండా చదవండి. కావలి దగ్గర ఒక ఊరు మాది. సంక్రాంతికి మా వైపు 8 జట్లతో కబడ్డీ ఆడిస్తారు, రెండేళ్ల నుంచి దానికీ వేలం పెట్టారు. జట్టుకు 1000 పాయింట్లు. మనవాళ్లు ఇద్దర్ని ఉంచుకోవచ్చు, మిగతా 8 మందిని పాట పాడుకోవాలి, ఒక్కొక్కడి కనీస ధర 20. ఈ ఆదివారమే వేలం. మా వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా ఒకటే రచ్చ, సగం మంది అలిగి ఎగ్జిట్ అయ్యారు కూడా.

సంగతి ఏందంటే, పోయిన సంక్రాంతికి సెమీస్‌లో 29-33తో పోయాం. పోవడానికి కారణం నాకైతే డిఫెన్సే. మా లెఫ్ట్ కార్నర్ (ఎడమ చివర నిలబడే డిఫెండర్) కుర్రాడు గట్టోడే, యాంకిల్ హోల్డ్ (మడమ పట్టు) వేశాడంటే వదలడు, కానీ వాడొక్కడే దూకుతాడు. మిగతా ఆరుగురు సినిమా చూసినట్టు నిలబడి, వాడు కాలు పట్టాక అప్పుడు పరిగెత్తుకొస్తారు. ఈలోపు కూతకొచ్చిన రైడర్ వాణ్ణి ఈడ్చుకుంటూ వెళ్లి మధ్య గీత తాకేస్తాడు, సాయానికి వచ్చిన ఇద్దరూ కూడా అవుట్. ఆ ఒక్క మ్యాచ్‌లోనే ఇట్లా మూడుసార్లు జరిగింది.

ఈసారి మా పిన్ని కొడుకు కోచింగ్ చూస్తానన్నాడు, యూనివర్సిటీకి ఆడినోడు. ఆయన పాత పద్ధతి మొత్తం మానెయ్యమంటున్నాడు. చేతులు పట్టుకుని 2-3-2 నిలబడాలంట, అంటే అటు ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ఇటు ఇద్దరు, దీన్నే చెయిన్ అంటారంట. ఎవడూ సొంతంగా దూకకూడదు. మా కార్నర్ కుర్రాడికి ఇది అస్సలు నచ్చలేదు, "నా చెయ్యి ఇంకొకడు పట్టుకుంటే నేను దూకేది ఎట్టా" అంటాడు.

ఇంక వేలం. లిస్టులో ఒక రైడర్ ఉన్నాడు, స్పోర్ట్స్ హాస్టల్ కుర్రాడు, 400 దాటతాడని అందరూ అంటున్నారు. రైట్ కార్నర్ ఒకాయన, 34 ఏళ్లు, కానిస్టేబుల్, మోకాలికి పట్టీ ఉంటుంది కానీ పట్టు మాత్రం ఉడుం పట్టు. పాలెం నుంచి ఇద్దరు కవర్లు (మధ్య వైపు నిలబడే డిఫెండర్లు) ఉన్నారు, అన్నదమ్ములు, కలిసే ఆడతారు. ముందు ఎవరి మీద పడాలి? డూ ఆర్ డై రూల్ ఉంది (రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదానికి పాయింట్ తేవాలి, లేకపోతే అవుట్), సూపర్ ట్యాకిల్ (ముగ్గురో అంతకన్నా తక్కువో ఉన్నప్పుడు పట్టు పడితే రెండు పాయింట్లు) కూడా ఉంది, అన్నీ టీవీలో లాగానే.

టంగుటూరు బేరన్:

తమ్ముడూ, రైడర్ జోలికి పోవద్దు. మనది పొగాకు ఏరియా, వేలం గురించి మనకు ఎవడూ చెప్పక్కర్లేదు. ఫ్లోర్ మీద బ్రైట్ గ్రేడ్ పొగాకు బేలు (మూట) కనపడగానే కొనేవాళ్లంతా దాని చుట్టూ చేరి రేటు లేపుతారు, పక్కన మీడియం బేలు మంచి సరుకైనా అడిగేవాడు ఉండడు. కొన్నిసార్లు నో బిడ్ అయ్యి ఇంటికొస్తుంది, మళ్లీ వారానికి అదే బేలు అదే కంపెనీ కొంటుంది! ఆటగాళ్ల వేలం కూడా అచ్చం ఇట్లాగే. రైడర్ బ్రైట్ గ్రేడ్. కార్నర్, కవర్ మీడియం. నీ దగ్గర 1000 ఉంటే 450 ఒక్కడికే పెట్టి, మిగిలిన 550తో ఏడుగుర్ని ఏం కొంటావు?

ప్రో కబడ్డీ లీగ్‌లో మన తెలుగు టైటాన్స్‌ను చూడు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు, ఏమొచ్చింది? 2023లో పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు, అప్పటికి లీగ్‌లో అదే రికార్డు, ఒక్కో జట్టుకు ఇచ్చిందే 5 కోట్లు. అంటే సగం పర్సు ఒక్కడికే. ఆ సీజన్ 22 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండు. రెండు! పవన్ ఆడలేదా అంటే బ్రహ్మాండంగా ఆడాడు, ఆయన తెచ్చిన పాయింట్లు మన డిఫెన్స్ అటు నుంచి ఇచ్చేసింది. అదే వేలంలో పుణె వాళ్లు 2.35 కోట్లు పెట్టి ఇరాన్ షాద్లూని కొన్నారు, డిఫెన్స్ మనిషి. కప్పు వాళ్లకెళ్లింది. ఆ తర్వాతి ఏడాది షాద్లూ హర్యానాకు పోతే కప్పు కూడా ఆయన వెనకే హర్యానాకు పోయింది. ఇంకేం కావాలి నీకు?

కందుకూరు కూత:

ఇదే నాకు ఒళ్లు మండేది. షాద్లూ ఒక్కడి పేరు చెప్పి డిఫెన్సే గొప్ప అనేస్తారు. 2017లో పట్నా ఎట్టా గెలిచిందో మర్చిపోయారా? పర్‌దీప్ నర్వాల్ ఆ సీజన్‌లో 369 రైడ్ పాయింట్లు. హర్యానాతో నాకౌట్ మ్యాచ్‌లో ఒకే కూతలో 8 పాయింట్లు, అవతల ఉన్న ఆరుగుర్నీ ఊడ్చేసి ఆలౌట్. కార్నర్ ఎంత మొనగాడైనా ఒక్క పట్టుకు ఒక్క పాయింటే, సూపర్ ట్యాకిల్ పడితే రెండు. ఒక కూతలో ఆట తిరగబడాలంటే రైడరే కావాలి.

పవన్ సంగతి అన్నావు కాబట్టి చెప్తున్నా, పదకొండో సీజన్‌లో పవన్ దెబ్బ తగిలి మధ్యలో ఆగిపోయినా టైటాన్స్ 12 గెలిచింది. అప్పుడు మోసింది ఎవరు? విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్. రైడర్లే కదన్నా! 2025లో మూడో స్థానం దాకా వచ్చి పుణె చేతిలో 45-50తో ఆగిపోయాం, అందులో కూడా భరత్ హుడా లేకపోతే అంత దూరం వచ్చేవాళ్లమా?

టంగుటూరు బేరన్:

విజయ్ మాలిక్ 2025 వేలంలో ఎంతకు వచ్చాడు? 51.5 లక్షలు. భరత్ 81 లక్షలు. ఇద్దర్నీ కలిపినా పవన్‌కు పెట్టిన దాంట్లో సగం, పైన ఇంకాస్త. నేను అన్నది కూడా అదే, రైడర్ వద్దనలా, బ్రైట్ బేలు వద్దన్నా. నీ కామెంట్‌తో నా మాటే గెలిచింది, థాంక్స్.

కందుకూరు కూత:

సరే సరే, ఈ ఒక్క పాయింట్ నీకిస్తున్నా. బోనస్ గీత దాటితే వచ్చే బోనస్ పాయింట్ అనుకో, దాంతో అవుటైనోడు లోపలికి రాడు.

పాత డ్రిల్ మాస్టారు:

కుర్రాళ్లు ధరల గురించి కొట్టుకుంటున్నారు గానీ అసలు ప్రశ్న రెండోది. చెయిన్ కుదురుతుందా లేదా తేలకుండా ఎవర్ని కొనాలో ఎట్లా తేలుతుంది? నేను పాతికేళ్లు ప్రకాశం జిల్లా బళ్లలో పిల్లల చేత చెడుగుడు ఆడించి రిటైర్ అయ్యాను, కాబట్టి కొంచెం విను నాయనా.

పది రోజుల్లో 2-3-2 పూర్తిగా రాదు. ఏడుగురూ ఒకే ఊపిరితో కదలాలి అందులో. వస్తుందని మీ పిన్ని కొడుకు అంటే వాడు యూనివర్సిటీ క్యాంపులో మూడు పూటలా ఆడిన రోజులు గుర్తుపెట్టుకుని అంటున్నాడు, మీ జట్టులో పగలంతా రొయ్యల గుంటల మీద పనిచేసి సాయంత్రం వచ్చేవాళ్లు ఉంటారు. సగం నేర్చుకున్న చెయిన్ అసలు లేనిదానికన్నా ప్రమాదం, ఎందుకంటే తెగితే ఒకడు కాదు, ముట్టుకున్న ఇద్దరూ ముగ్గురూ పోతారు.

కాబట్టి జంటలు మాత్రమే చెయ్యండి. కార్నర్‌కు పక్కనే నిలబడేవాడు (ఇన్ అంటాం) తోడు, ఇద్దరు కవర్లు ఒక తోడు. తువ్వాలు పద్ధతి చెప్తాను, ఎక్కడా రాసి ఉండదు. ఇద్దరికీ ఒక తువ్వాలు ఇచ్చి చెరో కొస పట్టుకోమనండి. ఒకణ్ణి రైడర్‌లాగా ముందు అటూ ఇటూ ఆడించండి. ఇద్దరూ కదులుతుంటే తువ్వాలు సాగకూడదు, జారకూడదు, చీర ఆరేసిన తాడులాగా కొంచెం వంగి ఉండాలి అంతే. సాగిందంటే ఒకడు ముందుకు పోయాడు, వేలాడిందంటే ఒకడి మీదికి ఒకడు వచ్చాడు. మూడు రోజులు ఇదే. నాలుగో రోజు తువ్వాలు తీసేసి చెయ్యి ఇవ్వండి.

చెయ్యి అంటే వేళ్లలో వేళ్లు పెనవెయ్యడం కాదు! నా కుడి చేతి ఉంగరం వేలు ఇప్పటికీ వంకరే, ఒక రైడర్ మధ్యలోంచి దూసుకుపోతే నా వేలు అవతలివాడి వేళ్లలో ఇరుక్కుపోయింది. చిన్నప్పుడు తిరునాళ్లలో నాన్న పట్టుకున్నట్టు అరచేతిని పట్టుకోవాలి, కావాలనుకున్న క్షణంలో ఊడి రావాలి. నీ కార్నర్ కుర్రాడు "దూకేది ఎట్టా" అన్నాడు కదా, జవాబు ఇదే. దూకేది వాడే. దూకే ముందు పక్కవాడి చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదులుతాడు. ఆ నొక్కుతో పక్కవాడు కూడా అదే క్షణంలో బయలుదేరతాడు, వాడు కాలు పడితే వీడు నడుం పడతాడు. వాడి ఆట ఎవరూ మార్చడం లేదు, ఒక తోడు ఇస్తున్నారంతే. ఈ మాట ఆ పిల్లవాడికి చెప్పండి, అలక తీరుతుంది.

ఇంకొకటి, మూడో కూతకు రైడర్ ఎలాగూ పాయింట్ కోసం లోపలికి రావాల్సిందే. మొదటి రెండు కూతలకు మీవాడు తొందరపడి బాక్ లైన్ దగ్గరే ఎదురెళ్లి పట్టుకోబోతే తన్ని తరిమేస్తాను. ఆ గీత మధ్య గీతకు 3.75 మీటర్లు, అక్కడ పడితే రైడర్ చెయ్యి చాపి పడిపోయినా గీతకు దగ్గరే ఉంటాడు. బోనస్ గీత దాకా రానిచ్చి పట్టండి, ఇంకో మీటరు ఈడ్చుకుపోవాలి వాడు.

కావలి_కుర్రోడు:

మాస్టారూ, నమస్కారం. తువ్వాలు పద్ధతి ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టాం. మా కార్నర్ గాడు మొదటి అరగంటలో తువ్వాలు రెండు ముక్కలు చేశాడు. కొత్తది అండీ అది. నొక్కుడు సంగతి చెప్తే మాత్రం "అట్టయితే సరే" అన్నాడు. పాలెం అన్నదమ్ముల గురించి ఏమంటారు?

పాత డ్రిల్ మాస్టారు:

సముద్రం ఒడ్డున అలివి వల లాగేవాళ్లా?

కావలి_కుర్రోడు:

అవును సార్, ఇద్దరూ వేటకు వెళ్తారు.

పాత డ్రిల్ మాస్టారు:

ఇంకేం నాయనా, ఇసకలో కాళ్లు తన్నిపెట్టి, ఒకడి వెనక ఒకడు ఒకే లయలో తాడు లాగే మనుషులు వాళ్లు. తువ్వాలు కూడా అక్కర్లేదు. నా మాట వింటే రైడర్ కన్నా, కానిస్టేబుల్ కన్నా ముందు వీళ్లిద్దరు. కానీ ఇద్దరూ కావాలి. ఒకడొస్తే లాభం లేదు. ఒంగోలు గిత్తల్లో ఒక్కటే కొనుక్కొచ్చి బండ లాగించినట్టు ఉంటుంది, ఆ ఒక్కటి ఎంత లక్షణమైనది అయితే మాత్రం ఏంటి.

నెల్లూరు పద్మవ్యూహం:

అందరూ మగాళ్లే మాట్లాడుతున్నారు, నేనొక మాట చెప్తా. మా అమ్మాయిలు ఆడే కోర్టు 12 మీటర్లు బై 8, మీది 13 బై 10. చిన్న కోర్టులో ఏడుగురం ఉంటే రైడర్‌కు తిరగడానికి చోటు ఉండదు, అందుకే మాకు చెయిన్ బాగా పనిచేస్తుంది, ఆరుగురు ఏడుగురు ఉన్నప్పుడు. నలుగురైతే చేతులు పట్టుకుని నిలబడితే రెండు జంటల మధ్య పెద్ద సందు, రైడర్ అందులోంచి లారీ పోయినట్టు పోతాడు. మీది ఇంకా వెడల్పు కోర్టు. కాబట్టి ఐదుగురికి తగ్గాక చెయిన్ వదిలేసి పాత పద్ధతికే రండి, అప్పుడు బోనస్ కూడా ఉండదు కాబట్టి కార్నర్ తొందరపడక్కర్లేదు. ముగ్గురే మిగిలితే మీ యాంకిల్ హోల్డ్ పిల్లాణ్ణి పూర్తిగా వదిలేయండి, సూపర్ ట్యాకిల్‌కు వాడే దిక్కు. రెండు పద్ధతులూ ఉంచుకోండి అంటున్నా, ఎంతమంది ఉన్నారు అనే లెక్కను బట్టి మార్చుకోవాలి. కెప్టెన్ ప్రతి కూతకూ ముందు తలలు లెక్కపెట్టి అరవాలి, మా కెప్టెన్ అక్క "జంట" "ఒంటి" అని అరిచేది.

వేలం విషయంలో, అందరూ మర్చిపోయే సరుకు ఆల్‌రౌండర్. రోజుకు రెండు మూడు కూతలకు వెళ్లి ఉత్తినే అయినా ప్రాణాలతో వెనక్కి వచ్చేవాడు, వచ్చి ఇన్‌లో నిలబడి కార్నర్‌కు చెయ్యి ఇచ్చేవాడు. ఇట్లాంటోళ్లు చివర్లో చవగ్గా పోతారు.

అన్నట్టు మీ ఊళ్లో అమ్మాయిల మ్యాచ్ పెడతారా? పెట్టినా మధ్యాహ్నం ఎండలో పెట్టి, ఫ్లడ్ లైట్లు మాత్రం అబ్బాయిలకు ఉంచుతారు. తెలిసిందే.

డల్లాస్ బుచ్చిరెడ్డిపాలెం:

ఇక్కడ మా ఆఫీసులో ప్రతి ఏప్రిల్ ఇదే గొడవ అన్నా, చదువుతుంటే నవ్వొచ్చింది. ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాట ఉండదు, వంతులు ఉంటాయి. 32 జట్లు, 7 రౌండ్లు, పోయిన ఏడాది అందరికన్నా అడుగున ఉన్నోడికి మొదటి ఛాన్స్. ఖాళీగా ఉన్న చోటికి తగినోణ్ణి తీసుకోవాలా, చోటుతో పనిలేకుండా ఉన్నోళ్లలో మొనగాణ్ణి తీసుకోవాలా అని జుట్లు పట్టుకుంటారు. మా టీమ్ లీడ్ వాళ్ల జట్టు డిఫెన్స్ కోచ్ మారి, ముందు వరుసలో నలుగురు బదులు ముగ్గురు చాలన్నాడంట. అప్పుడు తెలిసింది పాత వాళ్లలో ఎవరు పనికొస్తారో ఎవరు రారో. కుర్చీలో కూర్చుని ఏడ్చినంత పని చేశాడు మనిషి. కాబట్టి మాస్టారు చెప్పిన వరస కరెక్టు, ముందు ఆట పద్ధతి, తర్వాత మనుషులు. వీడియోలు పెట్టు తమ్ముడూ, ఇక్కడ తెల్లారుజామున లేచి చూస్తా.

కందుకూరు కూత:

ఇంతమంది ఇన్ని చెప్పారు, కూతకు ఎవడు పోతాడో మాత్రం ఒక్కరూ చెప్పలా. అన్నీ పట్టుకుంటూ కూర్చుంటే పాయింట్లు మీద పడతాయా?

కావలి_కుర్రోడు:

ఆదివారం వేలం అయింది. రాత్రి తిండి కూడా తిన్లా సరిగ్గా, ఇప్పుడు చెప్తున్నా.

హాస్టల్ రైడర్ మొదటి లాట్‌లోనే వచ్చాడు. 350 దాకా పాడాం, అక్కడ మా పిన్ని కొడుకు నా చెయ్యి నొక్కాడు (మాస్టారి సిగ్నల్ ఇక్కడ కూడా పనిచేసింది), ఆగిపోయాం. 460కి వేరేవాళ్లకు పోయాడు. కానిస్టేబుల్ అన్నను 220కి తెచ్చాం, కొంచెం ఎక్కువే.

తర్వాత పాలెం వాళ్లు. అన్న 130కి వచ్చేశాడు, ఎవరూ పెద్దగా పాడలేదు. అంతవరకు బాగానే ఉంది. వచ్చిన సంతోషంలో మా కార్నర్ గాడు కుర్చీలోంచి లేచి, మైకు పక్కనే, "ఇంక తమ్ముడొక్కడు వస్తే అయిపాయె!" అని అరిచాడు. హాలంతా విన్నది. తమ్ముడు పాటకు రాగానే పక్క టేబుల్ వాళ్లు, అసలు వాళ్లకు కవర్ అక్కర్లేదు సామీ, నవ్వుకుంటూ పెంచుకుంటూ పోయారు. 20కి మొదలైనోడు 290కి ఆగాడు. టంగుటూరు అన్నా, నువ్వు చెప్పిన బ్రైట్ బేలును మేమే తయారు చేసుకున్నాం.

మిగిలింది 360. పద్మవ్యూహం అక్క చెప్పిన టైపు ఒక ఆల్‌రౌండర్ 150కి దొరికాడు, మిగతా 210తో నలుగుర్ని సర్దుకున్నాం. కూతకు మేము ఉంచుకున్న పాత రైడర్, ఈ ఆల్‌రౌండర్, అవసరమైతే నేను. అవును, నేనే. నవ్వుకోండి.

టంగుటూరు బేరన్:

ఆ కార్నర్ గాణ్ణి వచ్చే ఏడాది వేలానికి తీసుకుపోవద్దు. ఇంట్లో కట్టేసి వెళ్లండి.

పాత డ్రిల్ మాస్టారు:

అన్నదమ్ములు వచ్చారు, చాలు. కూతకు వెళ్లేవాడు బలహీనుడైతే ఖాళీగా వెళ్లి ఖాళీగా రమ్మను, తప్పులేదు. రెండు కూతలు అట్లా పోనిచ్చి, మూడోదానికి మాత్రం మీ పాత రైడర్‌ను పంపండి. ఎదుటివాడి మంచి రైడర్‌ను ఒకసారి పట్టారంటే వాళ్లు పాయింట్ తెచ్చేదాకా వాడు బయటే కదా, ఆ టైమంతా మీది.

కావలి_కుర్రోడు:

సరే సార్. నిన్న సాయంత్రం పాలెం వాళ్లు మొదటిసారి ప్రాక్టీసుకు వచ్చారు. తువ్వాలు ఇస్తే పెద్దోడు దాన్ని చూసి నవ్వి పక్కన పెట్టాడు, ఇద్దరూ అరచేతులు పట్టుకుని నిలబడ్డారు, నేను కూతకు పోయా. ఎప్పుడు కదిలారో కూడా తెలీదు, రెండు వైపుల నుంచీ ఒకేసారి భుజాలు తగిలాయి, లేచి చూస్తే లాబీ (కోర్టు పక్క పట్టీ) అవతల పడున్నా. మోచెయ్యి గీరుకుపోయింది.

నేల మరీ రాయిలాగా ఉంది. పండగలోపు రెండుసార్లు నీళ్లు కొట్టించి ఇసక కలపాలి. కావలి చుట్టుపక్కల తక్కువకు ట్యాంకర్ తోలేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండన్నా.